తూర్పుకి తిరిగిన గిటారు

ఆ రోజుల్లో మాదాపూర్‌లో మెడలో ఐడీ కార్డు వేలాడని కుర్రాడు కనబడటం ఎంత కష్టమో, సాయంత్రమయ్యేసరికి వీపున గిటారు వేలాడని కుర్రాడు కనబడటమూ అంత కష్టంగా ఉండేది. కంప్యూటరు ఉద్యోగాలు ఊరిమీదికి వరదలా వచ్చిపడ్డ కాలం. జీతం వచ్చింది, పెళ్లి ఇంకా రాలేదు, ఆ రెంటి మధ్య ఖాళీలోకి గిటారు వచ్చి కూర్చుంది. అలాగని మేమంతా వాయించేవాళ్లమని అనుకోకండి. వాయించడం మాలో చాలా కొద్దిమందికి ఉన్న అలవాటు. మిగతావాళ్లం టోన్ గురించి మాట్లాడేవాళ్లం. (దాన్ని నాదం అనొచ్చు. కానీ నాదం కోసం ఎవరూ సామాను కొనరు. టోన్ కోసమైతే కొంటారు.) నాకు అప్పటికి వచ్చినవి నాలుగున్నర పాటలు. ఆ సగం పాటలో రెండో చరణం కష్టం. అయితేనేం, ఏ యాంప్లిఫయర్‌లో ఏ వాల్వు వేస్తే శబ్దం తేనెలా కారుతుందో, ఏ స్పీకరు ఎంత పాతబడితే దాని గొంతు విచ్చుకుంటుందో ఊపిరి తీసుకోకుండా చెప్పగలిగేవాణ్ణి. ఇదంతా ఆఫీసు ఇంటర్నెట్ మీద, ఆఫీసు వేళల్లో, ఏ దేశంలోనో కూర్చున్న నాలాంటి వాయించని మేధావులు రాసుకున్న వాదోపవాదాలు చదివి సంపాదించిన పాండిత్యం.

ఇప్పుడివన్నీ తవ్వడం ఎందుకంటే, కిందటి నెల ఒక పెళ్లి భోజనాల దగ్గర నా పక్కన ఒక కుర్ర గిటారిస్టు కూర్చున్నాడు. మెడ ఒక పక్కకి వంగిపోయి ఉంది. ఏమైంది బాబూ అంటే, "ఫిల్మ్ నగర్‌లో ఒక స్టూడియో ఉందంకుల్. అక్కడ గిటారిస్టు తూర్పుకే తిరిగి కూర్చోవాలి. అటేమో గోడ. మాస్టారు చెయ్యి ఊపేది చూడాలంటే మెడ తిప్పాలి. పూర్వం ఎవరో పెద్దాయన పెట్టిన శాస్త్రమట," అన్నాడు. గులాబ్‌జామ్ నా నోటిదాకా వచ్చి ఆగిపోయింది. ఆ శాస్త్రం ఎలా పుట్టిందో, ఎవరి తెలివితక్కువతనానికి పుట్టిందో మొత్తం తెలిసినవాణ్ణి నేనేనని అప్పటికి నా నమ్మకం. ఇన్నేళ్లూ నోరు మూసుకున్నాను. ఆ మెడ చూశాక మూసుకోవడం పాపమనిపించింది.

అప్పట్లో నేను ఫిల్మ్ నగర్‌లో మా పిన్నీ బాబాయిల ఇంట్లో, మేడమీది గదిలో ఉండేవాణ్ణి. బాబాయి సినిమాల్లో ప్రొడక్షన్ మేనేజరు. పరిశ్రమ మద్రాసు నుంచి తరలివచ్చినప్పుడు దాంతోపాటు ఆయనా తరలివచ్చాడు. షూటింగులో అందరికీ వేళకి ఇడ్లీ అందించడం దగ్గర్నుంచి హీరోగారి అలక తీర్చడం దాకా ఆయన పనే. కానీ నేను వచ్చేనాటికి ఆయన చేస్తున్న సినిమా సగంలో ఆగిపోయి, ఆయన ఇంట్లో కూర్చున్నాడు. పనిలేని ప్రొడక్షన్ మేనేజరు ఇంట్లో ఉంటే ఎలా ఉంటుందో మా పిన్నినే అడగాలి. "షూటింగ్ లేదు కదాని నా వంటింటికి షెడ్యూలు వేస్తున్నార్రా! ఉప్మా ఆలస్యమైతే లొకేషన్‌లో అరిచినట్టు అరుస్తున్నారు," అనేది. ఆ ఖాళీలోనే ఆయనకి వాస్తు పట్టింది. సినిమా ఆగిపోయింది కథ లేక కాదనీ, నిర్మాత ఆఫీసు గుమ్మం తప్పు దిక్కున ఉండబట్టేననీ ఆయన తేల్చుకున్నాడు. అక్కణ్ణుంచి ఇంట్లో రోజూ ఏదో ఒకటి జరిగేది, అంటే నిజంగానే జరిగేది. ఈరోజు బీరువా, రేపు మంచం, ఎల్లుండి ఫ్రిజ్. "నేను ఏ మూల ఉండాలో కూడా చెప్పేయండి, వెళ్లి నించుంటాను," అనేది పిన్ని.

అలాంటి ఇంట్లోకి నేను వాల్వు యాంప్ తెచ్చాను.

నా ఆఫీసులో పక్క సీటువాడు, యూసుఫ్‌గూడలో పుట్టి పెరిగినవాడు, కాలేజీ రోజుల్లో పెళ్లి ఊరేగింపుల్లో జనరేటరు బండి వెనక నడుస్తూ గిటారు వాయించినవాడు ఒకడుండేవాడు. అందుకే మేమంతా వాణ్ణి 'బారాత్' అనేవాళ్లం. వాడిదొక చిన్న యాంప్. దానికి రెండే గుండీలు, అందులో ఒకటి పనిచేసేది కాదు. దాంతోనే వాడు మా అందరికన్నా బాగా వాయించేవాడు. ఇది నాకు సిద్ధాంతపరంగా చాలా చిరాకు తెప్పించేది. "నువ్వు గిటార్ తక్వ, గుండీలు ఎక్వ వాయిస్తవ్ రా," అని వాడు నన్ను అందరిముందూ అనేవాడు. ఎర్రగడ్డలో ఎవరో పాత వాల్వు యాంప్ అమ్ముతున్నారంటే వాడి స్కూటరు మీదే వెళ్లాం. పాతకాలం రేడియోల్లో ఉండే గాజు వాల్వులే దీంట్లోనూ ఉంటాయి. వేడెక్కితే లోపల ఎర్రగా వెలుగుతాయి. ఆ వెలుగు చూడగానే నా జన్మ ధన్యమైంది. తిరుగుప్రయాణంలో నేను వెనక కూర్చుని, తిరగలిలాంటి ఆ బరువుని ఒళ్లో పెట్టుకున్నాను. యూసుఫ్‌గూడ దగ్గర గుంతలో స్కూటరు ఎగిరినప్పుడు బారాత్ వెనక్కి తిరక్కుండానే, "జర గట్టిగ పట్కో రా. అది కింద వడ్తె నువ్వు గూడ దుంకు. ఇగ ఫికర్ ఉండదు," అన్నాడు.

మేము దాన్ని మేడ మీదికి మోస్తుంటే బాబాయి మెట్ల దగ్గర ఎదురయ్యాడు. చుట్టూ తిరిగి చూశాడు. వెనక చిల్లుల రేకులోంచి తొంగిచూశాడు.

"ఏరా, లోపల ఆ సీసాలేంటి?"

"వాల్వులు బాబాయ్. కరెంటు పెడితే వెలుగుతాయి."

"వెలుగుతాయంటే... నిప్పేనా?"

"నిప్పు కాదు గానీ వేడెక్కుతాయి."

"వేడెక్కి వెలిగేదాన్ని మా వైపు నిప్పనే అంటారు. ఎక్కడ పెడదామని?"

నా గదిలో ప్లగ్గు ఉన్న మూల ఒక్కటే. అది ఈశాన్యం. ఆ మాట నా నోట్లోంచి వచ్చిందో లేదో, బాబాయి రెండు చేతులూ చాపి మెట్లకి అడ్డం నించున్నాడు. "ఈశాన్యంలో బరువా? అందులోనూ నిప్పా? నా సినిమా ఆగిపోయింది చాలదా, నన్నే ఆపేద్దామనా? నిప్పుండాల్సింది ఆగ్నేయం. అక్కడ పెట్టుకో. వైరు నేను లాగిస్తాను." అన్నమాట ప్రకారం మర్నాడే ఎలక్ట్రీషియన్ని తీసుకొచ్చి ఆగ్నేయ మూలకి ప్లగ్గు లాగించాడు. బారాత్ మాత్రం, "మీ బాబాయ్ మస్తున్నడు రా. అంత బరువు వట్టుకొని నిలవడ్డం, గాయన నిప్పు నీళ్లు అనవట్టె," అని స్కూటరెక్కాడు.

ఒక సంగతి మేమెవరమూ ఆలోచించలేదు. ఆగ్నేయంలో నిప్పుండాలన్న శాస్త్రం కిందింటికి కూడా వర్తిస్తుంది. కాబట్టి నా యాంప్ కింద సరిగ్గా పిన్ని వంటిల్లు. పైగా మూలలో పెట్టిన స్పీకరుకి రెండు గోడలూ వంతపాడతాయి. నేను మంద్ర స్వరం మీటితే కింద స్టీలు గిన్నెలన్నీ బదులు పలికేవి. కుక్కరు కూత వినబడేది కాదు. ఆ వారంలో మాడని పప్పు మా ఇంట్లో తినలేదు. ఒకరోజు పిన్ని మాడిన గిన్నె పట్టుకుని మేడెక్కి వచ్చి, నా ఒళ్లో పెట్టి, "ఇదిగో, దీనికేదో పేరుందన్నావే! టోనా? తిను," అని దిగిపోయింది.

డిజిటల్ మోడలర్లు అప్పుడప్పుడే మనవాళ్ల చేతుల్లోకి వస్తున్నాయి. చూడటానికి టిఫిన్ డబ్బా అంతే. పేరుమోసిన యాంపులన్నిటి గొంతులూ దానికి వచ్చు. మిమిక్రీ కళాకారుడు అందరు హీరోల్లా మాట్లాడతాడే, అలా. యాంపునే కాదు, స్పీకరుని కూడా అనుకరిస్తుంది. ఇది జ్ఞాపకం పెట్టుకోండి, కథంతా ఇక్కడే ఉంది. గిటారు శబ్దం యాంపులోంచి బయటికి వచ్చేటప్పుడు గరగరమంటూ వస్తుంది. ఆ గరగరని స్పీకరు వడకడుతుంది, గుడ్డ కాఫీని వడకట్టినట్టు. మోడలర్‌ని స్పీకరు లేకుండా నేరుగా రికార్డింగు మిషన్‌కి కలిపినప్పుడు, ఆ వడకట్టే పనీ డబ్బాలో ఉన్న దొంగ స్పీకరే చేయాలి. దాన్ని ఆపేస్తే డికాక్షన్ పొడితో సహా తాగినట్టే. విదేశం నుంచి తిరిగొస్తున్న సహోద్యోగి చేత ఒక డబ్బా తెప్పించి, భయపడుతూ బాబాయికి చూపించాను.

"నిప్పుందా?"

"లేదు బాబాయ్."

"బరువుందా?"

"అరచేతిలో పట్టుద్ది."

ఆయన అరచేతిలో పెట్టుకుని ఊపి చూశాడు. ముఖం విప్పారింది. "దీన్ని ఈశాన్యంలో పెట్టుకో నాన్నా. దేవుడి పటం పక్కన పెట్టుకున్నా తప్పులేదు," అన్నాడు. మోడలర్ మంచిదా, వాల్వు యాంప్ మంచిదా అని లోకమంతా జుట్లు పట్టుకుంటున్న రోజుల్లో ఆ తగవు తీరిన ఇల్లు నాకు తెలిసి మాదొక్కటే.

ఇంతలో బాబాయికి ఒక ఆశ తగిలింది. ఫిల్మ్ నగర్‌లోనే ఒక ఇంటి సెల్లారులో స్టూడియో నడుపుతున్న సంగీత దర్శకుడు ఒకాయన ఉండేవారు. అందరూ మాస్టారనేవాళ్లు. ఆయన ఒక చిన్న సినిమాకి పాటలు చేస్తున్నారు. దాని నిర్మాత తర్వాతి సినిమాకి మేనేజరు కోసం వెతుకుతున్నాడు. ఆ నిర్మాత చెవిలో పడాలని బాబాయి రోజూ మాస్టారు స్టూడియోకి వెళ్లి టీ తాగి వచ్చేవాడు. ఒకరోజు మాస్టారు గిటారుకి మనిషి దొరకలేదని విసుక్కుంటే, బాబాయి ఆగలేక, "మా అబ్బాయున్నాడు. వాడు వాయిస్తే వీణలా ఉంటుంది," అనేశాడు. (నేను గిటారు పట్టుకున్నప్పుడల్లా తలుపు వేసుకునే మనిషి ఆయన.) ఇంటికొచ్చి విషయం చెప్పి, నా భుజం మీద చెయ్యి వేశాడు. "నిర్మాతగారు కూడా వస్తారట. నా మాట నిలబెట్టరా. పని పోయిన మేనేజరుకి మళ్లీ పని దొరుకుతుంది. మాట పోయినవాణ్ణి టీకి కూడా పిలవరు." ఎప్పుడూ అరిచే మనిషి అంత మెల్లగా మాట్లాడేసరికి కాదనలేకపోయాను.

ఆ సాయంత్రమే బారాత్‌ని పిలిపించాను. మాస్టారు అడిగింది చిన్న ముక్కే. వాన వెలిశాక హీరోయిన్ తలుపు తీస్తుంది, అక్కడ గిటారు ఒక్కటే మోగాలి, చూరు నీళ్లు బొట్లు బొట్లుగా పడుతున్నట్టు. బారాత్ డబ్బా ముందు కూర్చుని, నాలుగు గొంతులు విని, ఒకటి ఎంచి, రెండు గుండీలు కొద్దిగా తిప్పి, బటన్ నొక్కాడు. "గిది చాలు. సేవ్ కొట్టిన. ఇగ దీన్ని ముట్టకు. ముట్టినవంటే వేళ్లు ఇరగ్గొడ్త."

"ఇంకొంచెం మెరుగ్గా..."

"ముట్టకు అన్న."

రికార్డింగు రోజు బాబాయీ నేనూ పొద్దున్నే వెళ్లాం. డబ్బాని మిషన్‌కి కలిపి, ఒకసారి మీటి చూపించాను. మాస్టారు, వాయించే గదికీ మిషన్ గదికీ మధ్యనున్న అద్దం అవతల నుంచి తలాడించారు. వెంటనే మొదలుపెట్టి ఉంటే ఈ కథే లేదు. కానీ నిర్మాతగారు వచ్చాక, పూజయ్యాక, కొబ్బరికాయ కొట్టాక, ముహూర్తం వేళకి మొదటి టేకు పడాలి. అది అక్కడి ఆనవాయితీ. నన్ను గదిలో కుర్చీలో కూర్చోబెట్టి, శబ్దం చేయొద్దని చెప్పి పూజకి వెళ్లిపోయారు. అవతల మంత్రాలు. ఇవతల నేను, నా ఎదురుగా ఇన్ని గుండీలున్న డబ్బా. దాహంతో ఉన్నవాడి ముందు కుండ పెట్టి తాగొద్దంటే ఎలా ఉంటుంది? కొంచెం తీపి పెంచాను. తర్వాత కొంచెం వాడి పెంచాను. ఇంటర్నెట్‌లో ఎవరో మహానుభావుడు అసలైన టోన్ కావాలంటే ఫలానాది తీసేయాలని రాశాడు, అదీ తీసేశాను. మీటితే అవతల పూజ దగ్గరున్న స్పీకర్లలో మోగుతుంది కాబట్టి ఇదంతా వినకుండానే చేశాను. చెవులతో చేయాల్సిన పనిని కళ్లతో చేశానన్నమాట. చిన్న తెర మీద అంకెలు చూసుకుంటూ, ఎంత బాగుందో అని మురిసిపోయాను.

కొబ్బరికాయ పగిలింది. హారతి తిరిగింది. అందరూ అద్దం అవతల కూర్చున్నారు, మధ్యలో నిర్మాతగారు, ఆయన వెనక చేతులు కట్టుకుని బాబాయి. మాస్టారు చెయ్యి ఊపారు. నేను మొదటి స్వరం మీటాను.

కందిరీగల తుట్టె మీద రాయి పడ్డట్టయింది.

మాస్టారు చాలా మెత్తని మనిషి. కోపాన్ని కూడా మర్యాదగా ఇచ్చేవారు. హెడ్‌ఫోన్లో ఆయన గొంతు వినిపించింది. "బాబూ, నేను చూరు నీళ్లు అడిగాను. ఇది వెల్డింగ్ షాపులా ఉంది. కొంచెం చూస్తావా?" ఆయన పక్కనుంచి నిర్మాతగారి గొంతు: "షార్ట్ సర్క్యూటేమో మాస్టారూ! వాసనొస్తోందా?" నేను కనబడ్డ గుండీలన్నీ తిప్పాను. తిప్పినకొద్దీ కందిరీగలు పెద్దవవుతున్నాయి. ఏది తీసేశానో, ఎక్కడ తీసేశానో ఒక్కటీ గుర్తులేదు. ముహూర్తం దాటిపోతోందని పూజారిగారు గడియారం చూపించారు. నిర్మాతగారు మాస్టారు చెవిలో ఏదో అన్నారు. బాబాయి ముఖం చూశాను. ఎవరూ తిట్టకుండానే తిట్లు తిన్నవాడిలా ఉన్నాడు.

అప్పుడు ఆయన కదిలాడు. తలుపు తోసుకుని లోపలికి వచ్చి, నాలుగు గోడలూ చూసి, నుదురు కొట్టుకున్నాడు. "ఎటు చూస్తున్నావురా నువ్వు? అది దక్షిణం! యముడి దిక్కు చూస్తూ ప్రేమపాట వాయిస్తావా?" అని, నేను లేచేలోగా నాతోపాటు కుర్చీని పట్టుకుని గరగరా ఈడ్చి, గోడవైపు తిప్పాడు. ఆ ఊపులో గిటారు జారింది. నేను బెల్టు సర్దుకుంటున్నాను. డబ్బా మీద ఎర్ర లైటు ఒకసారి ఆరి మళ్లీ వెలిగినట్టనిపించింది. కరెంటు ఊగిందేమో అనుకున్నాను. "తూర్పు. ఇప్పుడు వాయించు," అన్నాడు బాబాయి. ఆయన గొంతు ఎందుకో సన్నగా వణికింది.

గోడ చూస్తూ మీటాను.

చూరు నీళ్లు. ఒక్కొక్క బొట్టూ విడివిడిగా, గుండ్రంగా పడింది. నా చేతులే అయినా నాకే నమ్మకం కలగలేదు. టేకు అయిపోయింది. నిర్మాతగారు తలుపు తీసి, "ఏం చేశారండీ మేనేజరుగారూ?" అన్నారు. బాబాయి చెమట తుడుచుకుంటూ, "ఏముందండీ, తూర్పుకి తిప్పాను," అన్నాడు.

వంగి డబ్బా తెర చూశాను. పొద్దుటి నుంచి నేను చేసిన ఘనకార్యాల్లో ఒక్కటీ లేదు. అన్నీ పోయి, బారాత్ సేవ్ చేసినదే నిలబడి ఉంది, దొంగ స్పీకరుతో సహా. కరెంటు ఆగి వస్తే ఆ డబ్బా సేవ్ చేసినదొక్కటే గుర్తుపెట్టుకుంటుంది, మిగతాది మరిచిపోతుంది. అంతా అర్థమైంది. చెబుదామని లేచి అద్దం అవతలికి వెళ్లాను కూడా. "సార్, అసలు జరిగిందేమిటంటే..." అన్నాను. అదే క్షణంలో నిర్మాతగారు బాబాయి చేతులు పట్టుకుని, "మా కొత్త సినిమా మీరే చూసుకోవాలి. నాకు దిక్కులు తెలిసిన మనిషి కావాలి," అన్నారు. బాబాయి కళ్లు తడిగా మెరిశాయి. "ఏంటి బాబూ, ఏదో అంటున్నావు?" అన్నారు మాస్టారు. "ఏం లేదు సార్. తూర్పు బాగుంది అంటున్నాను," అన్నాను.

బారాత్‌కి మాత్రం నిజం చెప్పాను. వాడు స్కూటరు పక్కకి ఆపి మరీ నవ్వాడు. "అంటే టోన్ నాది, దిక్కు మీ బాబాయ్‌ది. గండ్ల నీదేముందిరా?"

"చేతులు."

"అవ్వి వణికినయ్ అన్నవ్ గద!"

అక్కడితో ఆగి ఉంటే ఏ బాధా లేకపోను. మాస్టారు ఆ గదిలో గిటారు కుర్చీని తూర్పుకి తిప్పి నేలకి బిగించేశారు. వాయించేవాడికి గోడ తప్ప ఏమీ కనబడదు కాబట్టి గోడకొక పెద్ద అద్దం పెట్టించారు. మంగలిషాపులో కూర్చున్నట్టు గిటారిస్టులు ఆ అద్దంలో మాస్టారుని చూస్తూ వాయించేవాళ్లు. (ఆ అద్దం తర్వాతెప్పుడో పగిలి ఉంటుంది. లేకపోతే కుర్రాడి మెడ వంగదు.) బాబాయి పేరు చిన్నచిన్న స్టూడియోలకి పాకింది. పిలిస్తే కాదనలేక వెళ్లేవాడు. వెళ్లినకొద్దీ శాస్త్రం పెరిగింది. వాల్వు యాంప్ ఆగ్నేయం. డిజిటల్ డబ్బా ఈశాన్యం. బేస్ గిటారు యాంప్ బరువు కాబట్టి నైరుతి. స్పీకరు గాలిని కదిలిస్తుంది కాబట్టి వాయవ్యం. ఒక స్టూడియోకి నేనూ తోడు వెళ్లి చూశాను. యాంప్ ఒక మూల, దాని స్పీకరు ఇంకో మూల, మధ్యలో గది నిండా వైర్లు. బట్టలు ఆరేసుకోవచ్చు. అక్కడి ఇంజనీరు నావైపు జాలిగా చూశాడు. నేను ఫ్యాను వైపు చూశాను.

ఇక నా సినీజీవితం సంగతి. మాస్టారు నన్ను మరోసారి పిలిచారు. ఈసారి తూర్పుకే కూర్చున్నాను, ముహూర్తానికే మొదలుపెట్టాను. కానీ పూజ జరిగినంతసేపూ గుండీలు నా ఎదురుగానే ఉన్నాయి. మరిచిపోకుండా ఈసారి తిప్పినవన్నీ సేవ్ కూడా చేశాను. మళ్లీ కందిరీగలే. బాబాయి ఆరోజు అవుట్‌డోర్‌లో ఉన్నాడు, నన్ను తిప్పే నాథుడు లేడు. అక్కణ్ణుంచి బుద్ధిగా ఆఫీసులో ఇతరుల ప్రోగ్రాముల్లో తప్పులు పట్టే ఉద్యోగం చేసుకుంటూ ఈ వయసుకొచ్చాను. పాపం మాస్టారు నా తప్పు ఎప్పుడూ పట్టలేదు.

పెళ్లిలో ఆ కుర్రాణ్ణి చూశాక వచ్చిన ఆదివారం బాబాయి దగ్గరికి వెళ్లాను. ఆయన పని మానేసి చాలా కాలమైంది గానీ గొంతు తగ్గలేదు. పిన్ని వంటింట్లో ఉంది. ఇంకా ఆగ్నేయంలోనే. బల్లకి ఇటు నేనూ అటు ఆయనా కూర్చున్నాక, మొత్తం చెప్పేశాను. పూజ వేళ గుండీలు తిప్పడం, కరెంటు ఊగడం, బారాత్ సేవ్ చేసింది తిరిగి రావడం, అంతా. "తూర్పు వల్ల కాదు బాబాయ్. ఆరోజే చెప్పాల్సింది. నీ పని పోతుందని చెప్పలేకపోయాను. నన్ను క్షమించు."

ఆయన టీ గ్లాసు చేతిలోకి తీసుకున్నాడు.

"కరెంటు ఊగలేదురా," అన్నాడు. "ప్లగ్గు నా కాలికి తగిలి ఊడింది."

"ఏంటీ?"

"కుర్చీ ఈడుస్తుంటే తగిలింది. లైటు ఆరిపోయింది. నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఫారిన్ నుంచి తెప్పించుకున్న డబ్బా, తన్ని చంపేశాననుకున్నా. నువ్వు బెల్టు చూసుకుంటున్నావు కదా, చటుక్కున వంగి మళ్లీ గుచ్చేశా."

"మరి ఇన్నేళ్లూ చెప్పలేదేం?"

"ఎలా చెప్పమంటావురా? వాయించాక నీ ముఖం వెలిగిపోతోంది. నా టోన్, నా టోన్ అని ఎంత తపించేవాడివి! అది నా కాలితో తన్నితే వచ్చిందని ఏ నోటితో చెప్పను? నీ మనసు కష్టపెట్టడం ఎందుకని, తూర్పు మీదికి నెట్టేశా."

ఆయన పరువు కోసం నేనూ, నా పరువు కోసం ఆయనా ఇన్నేళ్లు నోరు మూసుకుని, మధ్యలో ఊళ్లో గిటారిస్టులందరి మెడలూ వంచేశాం. "అయితే వాస్తూ లేదు, గీస్తూ లేదన్నమాట," అన్నాను నవ్వుతూ.

బాబాయి గ్లాసు ఠక్కున కింద పెట్టాడు. "ఎందుకు లేదు? ఆ ప్లగ్గు ఏ మూల ఉంది? ఆగ్నేయం! గదిలో ఇన్ని మూలలుండగా నా కాలు దాని మీదికే ఎందుకు వెళ్లిందంటావు?"

వంటింట్లోంచి పిన్ని, "ఆయనతో నువ్వేం గెలుస్తావురా! పైకి వెళ్లు. నీ నిప్పుల పెట్టె ఇంకా అక్కడే ఉంది. మోసేవాడు లేక ఉంచాం," అని కేకేసింది.

పైకి వెళ్లాను. యాంప్ ఆగ్నేయ మూలలోనే ఉంది, మీద మనీప్లాంటు కుండీతో. కుండీ దించి, దుమ్ము తుడిచి, గోడకి వేలాడుతున్న నా పాత గిటారు తగిలించి, స్విచ్ వేశాను. వాల్వులు మెల్లగా ఎర్రబడ్డాయి. అలవాటు కొద్దీ చెయ్యి గుండీల మీదికి పోయింది. ఒక్కటీ తిరగలేదు. ఇన్నేళ్ల తుప్పుకి ఎక్కడివక్కడ బిగుసుకుపోయాయి. చేసేదేమీ లేక మీటాను. అంత మంచి టోన్ నా చేతికి ఇంతకుముందు ఒక్కసారే వచ్చింది.

ఒకటే లోపం. వెనకాల గుయ్‌మని సన్నటి మోత. అది తెలిసిందే. గోడల్లో పారే కరెంటుని గిటారు పట్టుకుంటుంది. వాయించేవాడు అటూ ఇటూ తిరుగుతూ ఉంటే ఎక్కడో ఒకచోట ఆ మోత ఆగిపోతుంది. అక్కడ కూర్చోవాలి. ఇది వాస్తు కాదు, ఏ గిటారిస్టు అయినా చేసే పనే. నేనూ కుర్చీలో కూర్చుని కొద్దికొద్దిగా తిరిగాను. తిరుగుతుండగా ఒకచోట మోత ఆగింది. గదంతా నిశ్శబ్దం. కింద కుక్కరు కూత స్పష్టంగా వినబడింది.

ఎటు తిరిగితే ఆగిందో మాత్రం రాయను. ఒక మెడ వంగింది చాలు.